పోలీసు బండి ముందు ఎటు పోవాలి?

బల్లార్షా, విజయవాడ, సికింద్రాబాద్ లైన్లు కలిసే చోటు కాజీపేట. మానసిక అనారోగ్యంతో ఎక్కడో రైలెక్కి, ఊరూ పేరూ చెప్పలేని స్థితిలో ఇక్కడ దిగేవాళ్లుంటారు. ఎవరో 100కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు. ఆ మనిషిని ఎటు తీసుకెళ్లాలన్న దానిపై దేశంలో మూడు చట్టాలు మారాయి.

1912 నాటి బ్రిటిష్ చట్టం అరెస్టు చేసి మేజిస్ట్రేటు ముందు పెట్టమంది. 1987లో చేసి 1993లో అమల్లోకి తెచ్చిన చట్టం 'రక్షణలోకి తీసుకోండి' అంది గానీ, కోర్టు మెట్లు తప్పలేదు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు, ఆయన ఆర్డరుతో ఆస్పత్రికి. వరంగల్ వాళ్లకు అదంటే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రే. ఎస్కార్టు, బండి, కాగితాలు, దాదాపు 150 కిలోమీటర్ల దారి. ఇంత తిప్పలు పడేకంటే చూసీ చూడనట్టు పోవడమే తేలిక.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ దారిని మార్చేసింది. సెక్షన్ 100 ప్రకారం 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరుకు చూపించాలి. మనకు వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి ఉంది. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆ మనిషికి చెప్పాలి. లాకప్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఇల్లూవాకిలీ లేనివాళ్లయితే మిస్సింగ్ కేసు రాసి, అయినవాళ్లను వెతకాలి.

పురుగుల మందు తాగినవాళ్ల సంగతి మరీ బాధాకరం. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే ఐపీసీ 309 కింద ఏడాది జైలు పడొచ్చన్న భయంతో ఇంటివాళ్లు 'మందు కొడుతుంటే నోట్లోకి పోయింది' అని చెప్పేవాళ్లు. ప్రాణం దక్కినా, మనసులో ఏముందో అడిగే డాక్టరు దాకా విషయం పోయేది కాదు. అదే 2017 చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షనే లేదు. అధికారులపై ఒత్తిడి తేవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే నేరంగా మిగిలింది.

చట్టం మారినంత తొందరగా అలవాటు మారదు. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో, కత్తితో తనను తాను గాయపరచుకుంటున్న యువకుణ్ని పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది అక్కడ ఇందుకోసమే శిక్షణ పొందిన పోలీసు బృందాలు వచ్చాయి. నేర్చుకోవాల్సింది చిన్న పనులే: సైరన్ ఆపడం, వీడియోలు తీసే జనాన్ని పంపేయడం, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడటం, మందులు ఎప్పుడు మానేశాడో ఇంటివాళ్లను అడగడం.

2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రతి పెట్రోలింగ్ బండిలో ఆ నంబరూ, ఎంజీఎం మానసిక వైద్య విభాగం నంబరూ రాసిపెట్టాలి. దానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.