ఆస్పత్రి అందని చోట ప్రాణం నిలబెట్టే విద్య: రెస్క్యూ మెడిక్‌ల శిక్షణ ఎక్కణ్నుంచి వచ్చింది?

అంబులెన్స్ మెడిక్‌కి నేర్పేదంతా ఒక భరోసా మీద నడుస్తుంది. రక్తం ఆపాలి, ఊపిరి అందేలా చూడాలి, విరిగిన చోట కదలకుండా కట్టు కట్టాలి, బండి ఎక్కించాలి. మిగతాది ఆస్పత్రిలో డాక్టర్లు చూసుకుంటారు. కొండల్లో, అడవిలో, వరదలో, కూలిన భవనం కింద ఆ భరోసా ఉండదు. ఆస్పత్రి ఆరు గంటల దూరంలో ఉండొచ్చు, రెండు రోజుల దూరంలోనూ ఉండొచ్చు. అంతసేపూ మనిషిని బతికించి ఉంచడం వేరే విద్య. ఆ విద్య తయారవడంలో మన దేశపు కొండలకీ, మన డాక్టర్లకీ పెద్ద వాటా ఉంది. ఆ సంగతి మనలోనే చాలామందికి తెలియదు, అదే బాధ.

1943 ఆగస్టు 2న అస్సాంలోని చబువా నుంచి చైనాలోని కున్మింగ్‌కి బయల్దేరిన అమెరికన్ సి-46 రవాణా విమానం ఇంజిన్ చెడిపోయి, బర్మా సరిహద్దులోని పాట్కాయ్ కొండల్లో కూలింది. అందులో 21 మంది ఉన్నారు. కో-పైలట్ చనిపోయాడు. మిగతా 20 మంది పారాచూట్లతో దూకి నాగా గ్రామాల దగ్గర అడవిలో పడ్డారు. సీబీఎస్ రేడియో విలేకరి ఎరిక్ సెవరీడ్, దౌత్యాధికారి జాన్ పేటన్ డేవిస్ వాళ్లలో ఉన్నారు. విమానంలోని రేడియో ఆపరేటర్‌కి కాలు విరిగింది. అక్కడికి రోడ్డు లేదు, విమానం దిగే జాగా లేదు. దాంతో సైనిక డాక్టర్ లెఫ్టినెంట్ కర్నల్ డాన్ ఫ్లికింజర్ ఇద్దరు మెడికల్ సిబ్బందిని వెంటబెట్టుకుని, అదే రోజు పారాచూట్‌తో అక్కడికే దూకాడు. దెబ్బలు తగిలినవాళ్లకి అడవిలోనే వైద్యం చేశాడు. తర్వాత బ్రిటిష్ అధికారి ఫిలిప్ ఆడమ్స్ నాగా మనుషులతో నడిచి వచ్చి, అందరినీ కొండదారుల్లో బయటికి తీసుకెళ్లాడు. అప్పటిదాకా ఆ డాక్టరు తన రోగులతో ఆ ఊళ్లోనే ఉన్నాడు.

అమెరికా వాయుసేనలోని పారారెస్క్యూ దళం తన పుట్టుకని ఈ ఘటన నుంచే లెక్కపెట్టుకుంటుంది. యుద్ధం ముగిశాక 1946లో ఎయిర్ రెస్క్యూ సర్వీస్ ఏర్పడింది, మరుసటి ఏడు పారారెస్క్యూ టీములు మొదలయ్యాయి. తొలి ఆలోచన ప్రకారం టీములో డాక్టరే ఉండాలి. అంతమంది డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? అప్పుడు ప్రశ్న మారింది. డాక్టరు కాని మనిషికి ఎంత వైద్యం నేర్పొచ్చు? ఇవాళ పారారెస్క్యూలో చేరేవాళ్లు పారామెడిక్ అర్హత సంపాదించాలి, దాంతోపాటు నీళ్లలో డైవింగ్ చేయడం, కొండలెక్కడం, ఎత్తునుంచి దూకడం నేర్చుకోవాలి. మొత్తం శిక్షణకి రెండేళ్ల దాకా పడుతుంది.

ఫ్లికింజర్ కంటే ముందే మన డాక్టరొకరు ఈ దారిలో నడిచారు. ఇండియన్ మెడికల్ సర్వీస్‌కి చెందిన లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్ 1941 అక్టోబర్ 15న హవల్దార్ మథురా సింగ్‌తో పాటు పారాచూట్‌తో దూకారు. భారతీయుల్లో తొలి పారాట్రూపర్లు వాళ్లిద్దరే. పదేళ్ల తర్వాత ఆయన నాయకత్వంలోనే 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియా యుద్ధంలో పనిచేసింది. 1951 మార్చిలో మున్సాన్-ని దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఆ యూనిట్ మెడికల్ టీము కూడా దూకింది. రంగరాజ్‌కి మహావీర చక్ర ఇచ్చారు. 2023లో తుర్కియే భూకంపం వచ్చినప్పుడు అక్కడ ఫీల్డ్ హాస్పిటల్ నడిపిందీ ఈ యూనిట్టే.

ఎత్తు చేసే హాని గురించి ప్రపంచానికి గట్టిగా చెప్పింది కూడా మనవాళ్లే. 1962 యుద్ధంలో కింద మైదానాల్లో ఉన్న జవాన్లని రోజుల్లోనే హిమాలయాల ఎత్తుకి చేర్చాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు కుప్పకూలారు. ఆర్మీ డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులని పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో పునాదిరాయి. మన సైన్యంలో ఆ జబ్బుని హాపో అంటారు. అసలు మందు కిందికి దించడమే. ఆక్సిజన్, గాలి నింపి రోగిని లోపల పడుకోబెట్టే హాపో బ్యాగ్, రెండూ దించేదాకా కాపాడటానికే. పైకి వెళ్లే మెడిక్ తన ఒంటిని ముందు ఎత్తుకి అలవాటు చేసుకోకపోతే తనే రెండో రోగి అవుతాడు. 1997లో పర్వత వైద్యానికి అంతర్జాతీయ డిప్లొమా వచ్చే నాటికి ఇదంతా పాఠంగా మారింది.

శిథిలాల పాఠం లండన్‌ది. 1941లో జర్మన్ బాంబు దాడుల్లో ఇటుకల కింద గంటల తరబడి నలిగినవాళ్లని బయటికి తీస్తే, మొదట బాగానే ఉన్నట్టు కనబడి కొద్ది రోజుల్లో కిడ్నీలు ఆగి చనిపోయారు. ఎరిక్ బైవాటర్స్ అనే డాక్టరు దీన్ని రికార్డు చేశాడు. కండ నలిగినప్పుడు అందులోని పొటాషియం, ఇతర విషాలు అక్కడే నిలిచిపోతాయి. బరువు ఎత్తగానే ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తాయి. కొందరికి గుండె అప్పటికప్పుడే ఆగిపోతుంది. అందుకే తొడ మీద స్లాబు పడి మాట్లాడుతున్న మనిషి కనబడితే శిక్షణ ఉన్న మెడిక్ జాకీకి తొందరపడడు. సందులోంచి చెయ్యి దూర్చి, దొరికిన నరానికి సెలైన్ ఎక్కించి, ఆ తర్వాతే ఎత్తమంటాడు. చుట్టూ జనం "ఇంకా ఎత్తరేం?" అని అరుస్తుంటే ఆ కాసేపు ఆగడం ఎంత టెన్షనో ఊహించండి. ఆ నిబ్బరం సాధన మీదే వస్తుంది.

ఇవన్నీ మన దగ్గర వ్యవస్థగా మారడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆసియా దేశాల కోసం 1998లో అమెరికా సాయంతో మొదలైన పీర్ కార్యక్రమం మెడికల్ ఫస్ట్ రెస్పాండర్, కూలిన భవనాల్లో గాలింపు కోర్సులని తెచ్చింది. 1999 ఒడిశా తుఫాను, 2001 భుజ్ భూకంపం, 2004 సునామీ తర్వాత విపత్తు నిర్వహణ చట్టం వచ్చి, 2006లో జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్డీఆర్ఎఫ్ ఏర్పడింది. ప్రతి టీములో పారామెడిక్‌లు ఉంటారు. పదో బెటాలియన్ మన గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. అంతకు కాస్త ముందే, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. లక్షల ప్రాణాలు కాపాడిన సర్వీసు అది.

అయితే 108 రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. ఎన్డీఆర్ఎఫ్ పెద్ద విపత్తుకి వస్తుంది. పాడేరు ఏజెన్సీలో, భద్రాచలం మన్యంలో పురిటి నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో రోడ్డు దాకా మోసేది భర్త, అన్నదమ్ములు, ఊరి కుర్రాళ్లు. బైక్ అంబులెన్సులు కొంత మేలు చేశాయి, కానీ వాగు పొంగితే అవీ ఆగుతాయి. 1943లో ఆ 20 మందిని అడవి దాటించడానికి నాగాల కాళ్లు కావాల్సి వచ్చాయి. కానీ ఆ తర్వాత పెరిగిన శిక్షణ అంతా బయటి నుంచి వెళ్లే మెడిక్ చుట్టూనే తిరిగింది. అక్కడే ఉన్నవాళ్లకి నేర్పడం వెనకబడింది.

దీనికి కొత్త పథకం కనిపెట్టాల్సిన పని లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర కింద వాలంటీర్లకి 12 రోజుల శిక్షణ, ఎమర్జెన్సీ కిట్ ఇస్తారు. తర్వాత దాన్ని 350 జిల్లాలకి, లక్ష మందికి విస్తరించారు. వరదలని దృష్టిలో పెట్టుకుని మొదలైన ఆ సిలబస్‌కి ఏజెన్సీ కోసం కొంత చేర్చాలి. గర్భిణిని ఎడమ పక్కకి తిప్పి మోయడం, కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఏం చేయాలో తెలియడం, పాము కరిస్తే కోయకుండా, బిగించి కట్టకుండా ఆ కాలు కదలకుండా ఉంచడం, వానలో తడిసిన మనిషికి చలి పట్టకుండా చూడటం. రోడ్డు లేని గూడేల జాబితా గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) దగ్గర ఉంటుంది. వాలంటీర్ల ఎంపిక అక్కణ్నుంచే మొదలవ్వాలి. డోలీ మోసే కుర్రాళ్లనీ ఆ ఊరి ఆశా కార్యకర్తనీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి, వానాకాలం రాకముందే నేర్పాలి.