చీటీ ఊడిన బస్తా

“మా పిల్లగాని చెవులల్ల ఎవలో మాట్లాడుతున్నరట సార్, గాలి సోకిందంటున్నరు, నిజమేనా?” అని హన్మకొండలో ఒక సైన్సు సభ ముగిశాక ఒక తల్లి నన్ను అడిగింది. డిగ్రీ చదువుతున్న ఆమె కొడుకు ఏడు నెలలుగా కాలేజీ మానేసి, స్నానం సైతం మరిచి, గదిలో ఒక్కడే కూర్చుని ఎవరికో జవాబులు చెబుతున్నాడు. అప్పటికే అతని మెడలో రెండు తాయెత్తులు పడ్డాయి.

ఇవి స్కిజోఫ్రీనియా లక్షణాలు కావచ్చు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉండే ఈ జబ్బుకూ, సినిమాల్లో చూపే ‘ఒకే మనిషిలో ఇద్దరు’ అనే కథకూ సంబంధం లేదు. అయితే ఆ తల్లి ప్రశ్నలోని అసలు విషయం వేరు: ఎవరూ లేని గదిలో గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?

మనం మాట్లాడేటప్పుడు మెదడులో మాటను తయారుచేసే భాగం, ‘ఇప్పుడు వచ్చేది మనదే’ అని వినికిడి భాగానికి ముందే కబురు పంపుతుంది. కబురు అందగానే వినికిడి భాగం తన స్పందనను తగ్గించుకుంటుంది. మన చేత్తో మనకు చక్కిలిగింతలు పుట్టకపోవడానికీ ఇలాంటి కబురే కారణం. గొంతులు వినిపించే రోగులకు తమ చేతి స్పర్శ కూడా పరాయి చేతి స్పర్శలాగే గిలిగింతలు పెడుతుందని 2000లో లండన్ పరిశోధకులు చూపించారు.

మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్ యార్డును తలచుకోండి. అన్నీ ఒకే రకం ఎర్రటి బస్తాలు. ఏది ఎవరిదో చెప్పేది రైతు పేరు రాసిన చీటీ మాత్రమే అనుకుందాం. ఆ చీటీ ఊడిపోతే సొంత బస్తా కూడా పరాయిదిగా కనిపిస్తుంది. మనసులో మనమనుకునే మాట అటువంటి బస్తా, ముందస్తు కబురు దాని చీటీ. ఈ జబ్బులో ఆ కబురు సరిగా అందదని పరిశోధకుల అంచనా. మెదడు ఆ బస్తాను అనాథగా వదిలేయదు, దానికొక యజమానిని వెదుకుతుంది: పక్కింటాయన, చనిపోయిన నాయనమ్మ, పోశమ్మ తల్లి, సెల్‌టవర్. అమెరికా మానవశాస్త్రవేత్త తాన్యా లుర్మన్ బృందం వివిధ దేశాల రోగులను అడిగినప్పుడు, చెన్నైలో చాలామంది తాము విన్నవి బంధువుల గొంతులని చెప్పారు. చీటీ ఊడటం జబ్బు, కొత్త చీటీపై రాసే పేరు మన ఊరిది.

యార్డులో కాంటా కూడా ఉంటుంది. ఏ అనుభవానికి ఎంత బరువివ్వాలో తేల్చడంలో డోపమైన్ అనే రసాయనానికి పెద్ద పాత్ర ఉంది. మెదడు లోపలి స్ట్రయేటమ్ ప్రాంతంలో అది అతిగా విడుదలైతే, వీధిలో మోగిన బస్సు హారన్ కూడా తనకోసమే చేసిన సైగలా క్వింటాలు తూగుతుంది. 1952లో పారిస్‌లో మానసిక రోగులపై వాడకం మొదలైన క్లోర్‌ప్రోమజైన్ నుంచి నేటి మందుల వరకు దాదాపు అన్నీ మెదడు కణాలపై డోపమైన్‌ను అందుకునే డి2 గ్రాహకాలను అడ్డుకుని ఈ కాంటానే సరిచేస్తాయి. కాంటా కొద్ది రోజుల్లోనే సర్దుకోవడం మొదలుపెట్టినా, తప్పుడు తూకంతో ఖాతాలోకి ఎక్కిన నమ్మకాలు చెరగడానికి వారాలు పడుతుంది. తగ్గిందని మాత్రలు ఆపేస్తే కాంటా మళ్లీ మొగ్గుతుంది. రెండు మందులు వాడినా లొంగని జబ్బుకు క్లోజపైన్ ఇస్తారు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉన్నందున తొలి 18 వారాలు వారానికోసారి రక్తపరీక్ష చేయిస్తారు.

జన్యువుల పాత్ర బలమైనదే, కానీ పూర్తిది కాదు: అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. గంజాయి ముప్పును పెంచుతుంది. తల్లి పెంపకం దీనికి కారణం కాదు. నిర్ధారణకు రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేవు. థైరాయిడ్, మూర్ఛ, మత్తుపదార్థాల వంటి కారణాలు కావని తేల్చుకుని, లక్షణాలు ఎన్నాళ్లుగా ఉన్నాయో వైద్యులు ఇంటివారిని అడిగి తెలుసుకుంటారు. నాడీకణం బొమ్మ గీయించే మన తరగతి గదుల్లో ఈ కబురు సంగతి ఒక్క పీరియడు చెప్పి ఉంటే, బాణామతి అనుమానంతో మన పల్లెల్లో దెబ్బలు తిన్నవారిలో కొందరైనా క్షేమంగా ఉండేవారని నా గట్టి నమ్మకం.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను ఆ తల్లికి కాగితంపై రాసిచ్చాను. ఆ గొంతు అబద్ధమని కొడుకుతో వాదించవద్దని, నిజమేనని ఒప్పుకోనూ వద్దని చెప్పాను. మరి ఏమనాలని అడిగితే, “నాకు వినవడ్తలేదు బిడ్డా, నీకు వినవడ్తున్నదంటే నమ్ముతున్న, దవాఖానకు పోదాం” అనమన్నాను. ఆమె ఆ మాటలను రెండుసార్లు పైకి అనుకుని, కాగితాన్ని కొంగున ముడివేసుకుంది.