మచ్చలుంటే చిరుతేనా? కోరింగ చుట్టుపక్కల అపోహలు - వాస్తవాలు

దసరా వెళ్లి కార్తీకం దగ్గర పడిందంటే నా ఫోన్ ఆగదు. "అన్నా, చెరువు గట్టు మీద పులి అడుగులు!" అంటూ ఫొటోలు వస్తుంటాయి. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో జనాన్ని వెంటబెట్టుకుని తిప్పడం నా పని. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం బావురుపిల్లివే, అంటే చేపలు పట్టి తినే అడవి పిల్లివే.

అపోహ: మచ్చలుంటే చిరుతే.

వాస్తవం: చిరుత మచ్చలు గుత్తులుగా, రింగుల్లా ఉంటాయి. బావురుపిల్లివి చిన్న చుక్కలు, వరసగా ఉంటాయి. దాని తోక పొట్టి. ఎంత పెద్ద మగదైనా 16 కిలోలు దాటడం అరుదు. అడుగు దాదాపు అగ్గిపెట్టె అంతే, అందుకే ఫొటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె పెట్టండి. దాని గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి మెత్తటి బురదలో గోటి కొసలు దిగినట్టు కనిపిస్తాయి. మామూలుగా నడిచే చిరుత అడుగులో గోళ్లు పడవు.

తాళ్లరేవు వైపు నాకు తెలిసిన రొయ్యల రైతు ఒకాయన ఉన్నాడు. వాట్సాప్‌లో ఎవరో "పులి తిరుగుతోంది" అని పెట్టేసరికి ఆయన కాపలా కుర్రాడు భయపడి రాత్రి ఇంటికి వెళ్లిపోయాడు. అర్ధరాత్రి కరెంటు పోయింది. జనరేటర్ వేసే మనిషి లేక చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి రొయ్యలు తేలిపోయాయి. నేను వెళ్లి చూస్తే తూము పక్కన అవే చిన్న అడుగులు, సగం కొరికిన చేప తల, పీత డిప్ప. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. 2024 సెప్టెంబరులో కడియం నర్సరీల వైపు నిజంగానే చిరుత వచ్చింది, భయం ఉండదా? కోపమల్లా చూడకుండా ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే. అనుమానముంటే ముందు అటవీశాఖకు ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టడం తర్వాత.

ఇంకొకటి. బావురుపిల్లి చేపలే కాదు, ఎలకల్ని కూడా తింటుంది. ఉచ్చు పెట్టి చంపితే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కనీసం 3 ఏళ్ల జైలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బురద మీద గెంతే చేప చావడానికి ఒడ్డెక్కలేదు, తడి ఒంటితో గాలి పీల్చుకోగలదు. దాన్ని నీళ్లలోకి తోయకండి. హోప్ ఐలాండ్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి నుంచి, కార్తీకంలో వెళ్లి వెతకొద్దు. ఈ కాలంలో చూడాల్సింది వలస పక్షుల్ని. పాటు సమయానికి, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళకి రండి, నీళ్లు తీసిన బురద మీద మేతకు దిగుతాయి.

మడ అడవిలో ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమన్నది మాత్రం అపోహ కాదు. ఆ కొమ్మలు విరవకండి. పడితే నలపకుండా మంచినీళ్లతో బాగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.