సైనిక రికార్డుల్లో ఊరు, జిల్లా సరిచేయించుకోవడం: అపోహలు - వాస్తవాలు

సైన్యంలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాక మా జిల్లాలోని మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు దరఖాస్తులు రాసిపెడుతున్నాను. వచ్చేవారిలో చాలామందిది ఒకటే సమస్య. డిశ్చార్జి బుక్‌లో (సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకంలో) ఒక చిరునామా ఉంటుంది, ఆధార్‌లో మరొకటి ఉంటుంది. దీనిపై చెప్పుడు మాటలు విని అవసరం లేని పనికి డబ్బు తగలేసుకునేవారు కొందరైతే, తప్పక చేయాల్సిన పనిని వదిలేసేవారు మరికొందరు. రెండోవారిని చూస్తే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ భారం చివరికి వారి భార్యల మీద పడుతుంది.

మీ సర్వీసు కాగితాల్లో చిరునామాలు రెండు రకాలు. భర్తీ అయిన రోజున మీరు ఏ ఊరివారో చెప్పేది ఒకటి. ప్రస్తుతం మీకు ఉత్తరం ఎక్కడికి పంపాలో చెప్పేది ఇంకొకటి. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

అపోహ: మా జిల్లా మారిపోయింది, రాష్ట్రమూ మారింది. కాబట్టి నా డిశ్చార్జి బుక్ తప్పు.

తప్పు కాదు. ఈ ఒక్క అపోహ వల్లే సగం దరఖాస్తులు పుడుతున్నాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1988లో జనగామ నుంచి భర్తీ అయిన జవాను పుస్తకంలో 'జనగామ, వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్' అని ఉంటుంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, జనగామే ఒక జిల్లా అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇంకా వెనక్కి వెళితే 1979లో విజయనగరం, అంతకు ముందు 1970లో ఒంగోలు కేంద్రంగా ఇప్పటి ప్రకాశం జిల్లా ఏర్పడ్డాయి. 1985లో మండలాలు వచ్చాయి. అంతకు ముందు చేరినవారి కాగితాల్లో మండలం ఉండదు, తాలూకానే ఉంటుంది.

కుక్కునూరు సంగతి చూడండి. 2014 వరకు అది ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాల బదిలీతో పశ్చిమ గోదావరిలోకి వచ్చింది. 2022లో ఏలూరు జిల్లాకు వెళ్లింది. అక్కడి మాజీ సైనికుడు ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలవాడయ్యాడు. ఆయన డిశ్చార్జి బుక్‌లో 'ఖమ్మం' అని ఉండటం సరైనదే, ఎందుకంటే భర్తీ నాటికి ఆ ఊరు ఖమ్మంలోనే ఉంది. సైనికుల సర్వీసు పత్రాలు భద్రపరిచే రికార్డు ఆఫీసు దాన్ని మార్చదు, మార్చాల్సిన అవసరమూ లేదు.

మరి పిల్లల సీఏపీ కోటాకో (చదువుల్లో సైనికుల పిల్లలకిచ్చే సీట్లకో), ఇంటి స్థలం దరఖాస్తుకో వెళ్లినప్పుడు కౌంటరులో ఉన్నవారు 'ఇది వేరే జిల్లా కదా' అంటే ఏం చేయాలి? తహసీల్దారు దగ్గర ఒక ధ్రువపత్రం తీసుకోండి. ఫలానా గ్రామం గతంలో ఫలానా జిల్లాలో ఉండేదని, పునర్వ్యవస్థీకరణ తర్వాత ఫలానా మండలం, ఫలానా జిల్లాలో ఉందని అందులో రాయించండి. జిల్లాల పునర్వ్యవస్థీకరణ గెజిటు ప్రతిని దానికి జతచేయండి. పని అక్కడితో అయిపోతుంది. సికింద్రాబాద్‌లోనో జబల్పూరులోనో ఉన్న రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాసి నెలల తరబడి ఎదురుచూడాల్సిన పనిలేదు.

అపోహ: చిన్న అక్షర దోషమే కదా, పెన్నుతో దిద్దుకోవచ్చు. లేదా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముద్ర వేయించుకుంటే చాలు.

దయచేసి దిద్దవద్దు. తెల్ల ఇంకు పూసిన డిశ్చార్జి బుక్కులు నా ముందుకు వచ్చినప్పుడు ఏం చెప్పాలో తోచదు. అసలు తప్పు రెండక్షరాలది. దిద్దిన తర్వాత పుస్తకం మొత్తాన్ని అనుమానిస్తారు.

ఆ పుస్తకంలో ఇంటి చిరునామా ఎలా ఉంటుందో చూసే ఉంటారు. గ్రామం, పోస్టాఫీసు, తహసీలు, పోలీస్ స్టేషన్, జిల్లా, రాష్ట్రం, దగ్గరి రైల్వే స్టేషన్, దగ్గరి టెలిగ్రాఫ్ ఆఫీసు. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జులైలోనే ఆగిపోయినా పాత పుస్తకాల్లో ఆ గడి అలాగే ఉంది. ఇవన్నీ తెలుగు రాని క్లర్కు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు చెబుతుంటే విని ఇంగ్లిషులో రాసినవి. 'ళ' ఎటో పోతుంది, 'పల్లె' కాస్తా 'పాలి' అవుతుంది, పోస్టాఫీసు పేరు గ్రామం గడిలోకి చేరుతుంది. ఇవి నిజమైన తప్పులు, వీటిని సరిచేయించుకోవచ్చు. కానీ ఆ అధికారం రికార్డు ఆఫీసుదే. జిల్లా సైనిక సంక్షేమ అధికారి మీ దరఖాస్తును పరిశీలించి, సంతకం చేసి పంపుతారు. పుస్తకంలో మార్పు చేసి తేదీ, ముద్ర వేయాల్సింది మాత్రం రికార్డువారు.

ఏ రికార్డు ఆఫీసు? మీ కోర్ లేదా రెజిమెంటును బట్టి ఉంటుంది. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామగ్రి సరఫరా విభాగం) వారికి సికింద్రాబాద్‌లోనే. ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌కు జబల్పూర్, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకు బెంగళూరు, మెడికల్ కోర్‌కు లక్నో. వైమానిక దళంవారిది ఢిల్లీలోని సుబ్రతో పార్క్, నావికులది ముంబయి.

డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) రెండోసారి చేరినవారికి ప్రత్యేకంగా ఒక మాట. మీకు రెండు సర్వీసులు, రెండు ఫైళ్లు. మొదటిది పాత కోర్ దగ్గర, రెండోది కన్నూరులో ఉంటాయి. ఒకచోట సరిచేస్తే రెండోచోట దానంతట అది మారదు. ఇద్దరికీ రాయాలి.

అపోహ: స్పర్శ్‌లో అడ్రస్ మార్చాను, ఇక అన్నిచోట్లా మారినట్టే.

స్పర్శ్ పింఛను చెల్లింపు వ్యవస్థ. అక్కడ మార్చిన చిరునామా ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయం పనికి సరిపోతుంది. రికార్డు ఆఫీసులో ఉండే మీ సర్వీసు పత్రం, అంటే షీట్ రోల్ వేరు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మీ రిజిస్ట్రేషన్ వేరు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు వేరు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు కాపురం మార్చినవారు నాలుగుచోట్లా విడివిడిగా చెప్పాల్సిందే. ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఏ పాలీక్లినిక్‌లోనైనా దొరుకుతుంది కాబట్టి దాన్ని చాలామంది పట్టించుకోరు. స్థిరపడిన ఊళ్లో మాతృ పాలీక్లినిక్‌ను మార్పించుకోవడం మంచిది. సైనిక సంక్షేమ రిజిస్ట్రేషన్‌ను కూడా పాత జిల్లా నుంచి కొత్త జిల్లాకు బదిలీ చేయించుకోవాలి. పిల్లల స్కాలర్‌షిప్ కాగితాలు కదిలేది అక్కడి నుంచే.

స్పర్శ్‌లో చిరునామా కంటే ముందు చూడాల్సింది ఫోను నంబరు. లైఫ్ సర్టిఫికెట్ గురించి వచ్చే సందేశం ఎప్పుడో వదిలేసిన సిమ్‌కు వెళుతుంటే చిరునామా ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

అపోహ: కోర్టు ఉత్తర్వు, గెజిటు, పేపరు ప్రకటన లేకుండా పని కాదు.

పేరు మార్పుకు పత్రికా ప్రకటన అడుగుతారు. ఆ నియమాన్ని చిరునామాకు కూడా అంటగట్టి వేలకు వేలు తీసుకునే మధ్యవర్తులు ఉన్నారు. చిరునామాకు సాధారణంగా కావలసినవి దరఖాస్తు, నోటరీ చేసిన అఫిడవిట్, ఆధార్, నివాస ధ్రువపత్రం, డిశ్చార్జి బుక్, పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) ప్రతులు, వీటిపై జిల్లా సైనిక సంక్షేమ అధికారి సిఫారసు. అంతే.

దరఖాస్తులో కథ రాయవద్దు. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చివరి యూనిట్, డిశ్చార్జి తేదీ రాసి, కింద రెండు గడుల పట్టిక గీయండి. ఎడమవైపు 'రికార్డులో ఉన్నది', కుడివైపు 'ఉండవలసినది'. రికార్డులో ఉన్న తప్పును తప్పుగానే, అక్షరం పొల్లు పోకుండా దించండి. దాన్ని మీరు సరిచేసి రాస్తే ఆ క్లర్కుకు ఏది మార్చాలో తెలియదు. ఆ బల్ల వెనక కూర్చున్నవాడిగా చెబుతున్నాను, పేజీల కొద్దీ విన్నపం కంటే ఈ పట్టిక ముందు కదులుతుంది.

అసలు షీట్ రోల్‌లో ఏముందో తెలియకపోతే ముందు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మీ సొంత షీట్ రోల్ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. డిశ్చార్జి బుక్‌లో తప్పుండి షీట్ రోల్‌లో సరిగ్గా ఉంటే మీ పని చాలా తేలిక. అది నకలు రాయడంలో జరిగిన పొరపాటని అక్కడే తేలిపోతుంది.

అపోహ: అప్పట్లో మేనమామ ఊరు చూపించి చేరాను. ఇప్పుడు సొంత ఊరు రాయించుకుంటాను, ఎవరడుగుతారు?

అడుగుతారు. సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నం రిక్రూటింగ్ ఆఫీసులకు వేర్వేరు జిల్లాలు కేటాయించి ఉంటాయి. ఆ ఊరిని బట్టే మీకు భర్తీ ర్యాలీలో నిలబడే అర్హత వచ్చింది, ఆ ఊరి పోలీసులే విచారణ చేసి పంపారు. భర్తీలో తెలిసి తప్పు సమాధానం చెప్పడం సైనిక చట్టం, 1950లోని 44వ సెక్షను కింద నేరం. అందుకే భర్తీ నాటి ఊరిని వేరే జిల్లాకు మార్చమంటే రికార్డువారు ఒప్పుకోరు. ఇలాంటివారు అబద్ధపు అఫిడవిట్ జోలికి వెళ్లకుండా, ఇప్పుడు తాము స్థిరపడిన ఊరిని ప్రస్తుత చిరునామాగా నమోదు చేయించుకోవడమే మేలు. దానికి ఎవరి అభ్యంతరమూ ఉండదు.

అపోహ: పింఛను లేకుండా వచ్చేసినవారి కాగితాలు ఎప్పటికీ అలాగే ఉంటాయి.

ఉండవు. నిర్ణీత గడువు 25 ఏళ్లు దాటితే ఆ సర్వీసు పత్రాలను ధ్వంసం చేస్తారు. లాంగ్ రోల్ అనే రిజిస్టరులో నాలుగు ముక్కల వివరాలు మాత్రం మిగులుతాయి. ఆలస్యం చేయవద్దు.

అపోహ: పింఛను బ్యాంకులో పడుతోంది. అడ్రస్‌తో నాకేం పని?

మీరున్నంతకాలం పెద్దగా పని ఉండకపోవచ్చు. మీ తర్వాత కుటుంబ పింఛను కోసం మీ భార్య వెళ్లినప్పుడు ఆమె ఆధార్, మీ పీపీవో, రికార్డుల్లోని కుటుంబ వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఊరు ఒక తీరుగా, ఇంటిపేరు ఇంకో తీరుగా, పుట్టిన తేదీ మరో తీరుగా ఉంటే ఒక్కొక్కదానికీ ఒక్కో అఫిడవిట్ అడుగుతారు. మిలటరీ మాధవరంలాంటి సైనికుల ఊళ్లలో తోడు వచ్చేవారు, దారి చెప్పేవారు దొరుకుతారు. ఊరికి ఒక్కడే సైనికుడైన చోట, భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి 'షీట్ రోల్' అనే మాట కూడా కొత్తే.

కాబట్టి చిరునామా కోసం రికార్డుకు రాసేటప్పుడు ఆ ఒక్క పనితో ఆపవద్దు. భార్య పేరు, ఆమె పుట్టిన తేదీ, పిల్లల పేర్లు పీపీవోలో ఎలా ఉన్నాయో సరిచూడండి. తేడా ఉంటే వాటికి విడిగా దరఖాస్తు పెట్టండి, ఎందుకంటే వాటికి అడిగే ఆధారాలు వేరు. స్పీడ్ పోస్టు రసీదును, రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన జవాబును డిశ్చార్జి బుక్‌తో పాటే ఉంచి, ఆ కవరు ఏ బీరువాలో ఉందో ఇంట్లో ఇద్దరికైనా చూపించండి.