బీమాని ఉద్యోగానికి కట్టేసిన దేశం: అమెరికా ఆరోగ్య సంస్కరణల గొడవ వెనక కథ

2025 అక్టోబర్ 1న మొదలై 43 రోజులపాటు అమెరికా ఫెడరల్ ప్రభుత్వం మూతపడిందంటే, అందులో ప్రధానమైన తగాదా ఆరోగ్య బీమా సబ్సిడీల గురించే. చాలామంది ఈ గొడవంతా ఒబామాకేర్‌తో, అంటే 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంతో పుట్టిందనుకుంటారు. కానీ ఆ చట్టం ఈ కథలో చాలా ఆలస్యంగా వస్తుంది, అసలు ముడి పడింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో.

1942లో ధరలు చెయ్యి దాటిపోకుండా ప్రభుత్వం జీతాల మీద పరిమితి పెట్టింది. మగవాళ్లలో చాలామంది సైన్యంలో ఉన్నారు, ఫ్యాక్టరీలకి మనుషులు దొరకట్లేదు, జీతం పెంచి పిలుద్దామంటే రూల్ ఒప్పుకోదు. బీమాని మాత్రం జీతం కింద లెక్కగట్టకుండా వదిలేశారు కాబట్టి కంపెనీలు ఆరోగ్య బీమా ఎర వేసి మనుషుల్ని తెచ్చుకున్నాయి. తర్వాత 1954 పన్ను చట్టం, కంపెనీ కట్టే ప్రీమియం మీద ఉద్యోగి పన్ను కట్టక్కర్లేదని ఖాయం చేసేసింది. దేశంలో వైద్యం ఎలా ఉండాలో ఆలోచించి ఎవరూ ఈ పద్ధతి పెట్టలేదు, యుద్ధకాలపు సర్దుబాటు ఒకటి అలా పాతుకుపోయిందంతే. ఈరోజుకీ అక్కడ సుమారు సగం జనాభాకి బీమా ఉద్యోగం ద్వారానే వస్తోంది. నా దృష్టిలో మొత్తం గొడవకి తల్లివేరు ఇదే, ఎందుకంటే ఉద్యోగంతో బీమా ఉన్నవాళ్లకి ఏ మార్పు అన్నా మొదట వచ్చే అనుమానం ఒకటే: ఉన్నది పోతుందా?

ఆ భయాన్ని వాడుకోవడం రాజకీయాలకి త్వరగానే అలవాటైంది. యుద్ధానికి ముందే, 1935లో సామాజిక భద్రత చట్టం తెచ్చినప్పుడు అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ డాక్టర్ల సంఘం వ్యతిరేకత చూసి ఆరోగ్య బీమాని పక్కన పెట్టేశారు. 1945 నవంబర్‌లో ఆయన తర్వాతి అధ్యక్షుడు ట్రూమన్ అందరికీ బీమా కావాలని కాంగ్రెస్‌ని అడిగారు. డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఊరుకోలేదు. ఒక్కో డాక్టర్ దగ్గర 25 డాలర్లు వసూలు చేసి, వృత్తిగా ప్రచారాలు నడిపే సంస్థని పెట్టుకుని, ఇది సోషలిస్టు వైద్యం అని దేశమంతా ఊదరగొట్టింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఆ ముద్ర పడితే ఏ బిల్లూ బతకదు. 1961లో అదే సంఘం, అప్పటికి ఇంకా నటుడిగానే ఉన్న రొనాల్డ్ రీగన్ చేత ప్రభుత్వ బీమాకి వ్యతిరేకంగా ఒక ప్రసంగం రికార్డు చేయించింది. డాక్టర్ల భార్యలు ఇరుగుపొరుగు వాళ్లని కాఫీకి పిలిచి, ఆ గ్రామఫోన్ రికార్డు వినిపించి, దాన్ని వ్యతిరేకిస్తూ కాంగ్రెస్ సభ్యులకి ఉత్తరాలు రాయించేవాళ్లు.

అయినా 1965 జులై 30న మెడికేర్, మెడికేడ్ చట్టమయ్యాయి. లిండన్ జాన్సన్ సంతకం పెట్టడానికి పనిగట్టుకుని మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌కి వెళ్లి, 81 ఏళ్ల ట్రూమన్ పక్కన కూర్చుని పెట్టారు, మొదటి మెడికేర్ కార్డు కూడా ఆయనకే. రిపబ్లికన్లు కూడా చాలామంది దీనికి ఓటేశారు, ఇప్పటి వాతావరణంలో ఊహించడం కష్టం. ఇక్కడ గమనించాల్సింది, ఈ పథకాలు ఎవరి కోసమో. ఉద్యోగ బీమా అందనివాళ్ల కోసం, అంటే మెడికేర్ ముసలివాళ్ల కోసం, మెడికేడ్ కొన్ని రకాల పేదల కోసం. ఉన్నదాన్ని కదపకుండా ఖాళీలు పూడ్చారు. పైగా మెడికేడ్‌ని రాష్ట్రాల చేతిలో పెట్టారు, దాని ఫలితం తర్వాత చూస్తాం.

1974లో నిక్సన్, కంపెనీలన్నీ తమ ఉద్యోగులకి బీమా ఇచ్చి తీరాలని ఒక ప్రతిపాదన తెచ్చారు. కార్మిక సంఘాలు ఇది చాలదన్నాయి, నిక్సన్ పదవినే పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం మిగతాది చూసుకుంది. 1993లో క్లింటన్ ప్రభుత్వం 1,300 పేజీలు దాటిన బిల్లు తెచ్చింది. బీమా కంపెనీలు టీవీలో హ్యారీ, లూయీస్ అనే జంటని కూర్చోబెట్టి, ఇంట్లో బిల్లులు చూసుకుంటూ వాళ్లు దిగులుపడుతున్నట్టు ప్రకటనలు వేశాయి. 1994లో ఆ బిల్లు ఏ సభలోనూ ఓటింగ్ దాకా కూడా రాకుండానే పోయింది.

ఇప్పుడు అందరూ మర్చిపోయే ఒక సంగతి. ప్రతి మనిషీ బీమా తీసుకునే తీరాలన్న నియమాన్ని 1989లో ముందుకు తెచ్చింది హెరిటేజ్ ఫౌండేషన్ అనే సంప్రదాయవాద సంస్థ. 1993లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ చాఫీ బిల్లులో అది ఉంది. 2006లో మసాచుసెట్స్‌లో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ దాన్ని చట్టం చేశారు. 2008లో డెమోక్రాట్ల అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లో ఒబామా అదే నియమాన్ని వ్యతిరేకించారు, ఆయన పోటీదారు హిల్లరీ క్లింటన్ సమర్థించారు. తీరా 2010 మార్చి 23న ఒబామా సంతకం పెట్టిన చట్టంలో అది వచ్చేసరికి ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు, పైపెచ్చు రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకెక్కారు. అందుకే ఇదంతా సిద్ధాంతాల పోరు అని ఎవరైనా అంటే నేను నమ్మలేను.

ఒబామా కూడా ఆ పాత భయాన్ని దృష్టిలో పెట్టుకునే, మీకు నచ్చిన పాలసీ మీ దగ్గరే ఉంటుందని పదేపదే మాటిచ్చారు. 2013లో సొంతంగా పాలసీ కొనుక్కున్న లక్షలమందికి రద్దు ఉత్తరాలు వచ్చాయి. ఆయన క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కానీ అంతకన్నా పెద్ద నష్టం 2012లో సుప్రీంకోర్టు తీర్పుతో జరిగింది. చట్టం నిలబడింది గానీ, ఆ చట్టం చెప్పినట్టు మెడికేడ్‌ని మరింతమంది పేదలకి విస్తరించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. టెక్సస్, ఫ్లోరిడా లాంటివి ఇప్పటికీ వద్దనే అంటున్నాయి. పేదవాళ్లకి ఎలాగూ మెడికేడ్ వస్తుందన్న లెక్కతో చట్టం రాసినవాళ్లు దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి బీమా కొనుక్కోవడానికి సబ్సిడీ పెట్టలేదు. దాంతో ఆ రాష్ట్రాల్లో రేఖకి కాస్త పైన సంపాదించే మనిషికి బీమా చవగ్గా దొరుకుతుంది, అంతకన్నా పేదవాడికి అటు మెడికేడూ లేదు, ఇటు సబ్సిడీ లేదు. ఇంత అన్యాయమైన లెక్క తెలిసీ ఏళ్ల తరబడి అలాగే ఉంచారంటే కడుపు మండుతుంది.

2017లో ట్రంప్ హయాంలో ఆ చట్టాన్ని ఎత్తేయాలని చూసినప్పుడు కథ తిరగబడింది. అప్పటికి కోట్లమందికి దాని వల్ల బీమా ఉంది, పాత జబ్బులున్నా కంపెనీలు కాదనకూడదన్న రక్షణ ఉంది. క్లింటన్ బిల్లుని చంపిన భయమే ఇప్పుడు ఒబామా చట్టానికి కాపలా కాసింది. జులై 28 తెల్లవారుజామున, అదే నెలలో మెదడు క్యాన్సర్ బయటపడిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సెనేట్ బల్ల ముందుకొచ్చి బొటనవేలు కిందికి చూపించారు. 49–51తో బిల్లు పడిపోయింది.

2021లో కోవిడ్ సాయం కింద పెంచిన బీమా సబ్సిడీలకి గడువు 2025 చివరిదాకానే ఉండేది. అది తాత్కాలిక సాయమే, డబ్బంతా బీమా కంపెనీలకే పోతోందని రిపబ్లికన్లు, తీసేస్తే ప్రీమియంలు కట్టలేరని డెమోక్రాట్లు. మొదట్లో చెప్పిన షట్‌డౌన్ ముగిసింది వాటి పొడిగింపు మీద సెనేట్‌లో ఓటింగ్ పెడతామన్న మాట మీద, డిసెంబర్‌లో ఆ ఓటింగ్‌లో కావాల్సిన 60 ఓట్లు రాలేదు.

ఈలోగా 2025 జులై 4 నాటి చట్టం మెడికేడ్‌నీ పనికి ముడిపెట్టింది. విస్తరణ కింద చేరిన పెద్దవాళ్లు, కొన్ని మినహాయింపులు పోగా, నెలకి 80 గంటలు పనిచేస్తున్నట్టో చదువుకుంటున్నట్టో చూపించాలి. ఆర్కన్సా 2018లో ఇలాంటిదే పెట్టి చూసింది. కొద్ది నెలల్లో దాదాపు 18,000 మంది బీమా పోగొట్టుకున్నారు, వాళ్లలో పని లేనివాళ్లే కాదు, ఉన్న పనిని కాగితాల్లో చూపించలేకపోయినవాళ్లు కూడా ఉన్నారు. 2019లో జడ్జి ఆపేశారు. కొత్త చట్టం ప్రకారం 2027 జనవరికల్లా విస్తరించిన రాష్ట్రాలన్నిటిలో ఇది అమల్లోకి రావాలి.