క్లిప్పులా, కనిపించని ట్రేలా? పళ్ళ వరస గురించి నేను రోజూ వినే అపోహలు

పోయిన నెల చీపురుపల్లి నుంచి ఒక తల్లి తన కూతురిని విజయనగరంలో మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. ఇంటర్ చదువుతున్న పిల్ల. పైన రెండు కోరపళ్ళూ వరసలో చోటు దొరక్క, చిగురు మీదే ఎత్తుగా ఉండిపోయాయి. కుర్చీలో కూర్చోకముందే ఫోన్ తీసి ఒక ప్రకటన చూపించింది. "మేడమ్, నాకు ఈ ట్రాన్స్‌పరెంట్‌వే కావాలి. తీగలొద్దు." పక్కనుంచి వాళ్ళమ్మ, "డాక్టరమ్మా, ఆ ప్లాస్టిక్ డొప్పలు పళ్ళని కదుపుతాయా? ఇనుముకి కదా ఆ బలం!" అన్నారు.

పదిహేనేళ్ళుగా పళ్ళ వరస సరిచేసే పనిలోనే ఉన్నాను. ఈ రెండు మాటలూ వినని వారం లేదు. రెండూ సరికాదు. నిజానికి పన్నుకి తీగ ఏదో, ప్లాస్టిక్ ఏదో తెలియదు.

అపోహ: ఇనుప క్లిప్పులకే బలం, ప్లాస్టిక్ అలైనర్ (పళ్ళ మీద తొడుక్కునే ఆ కనిపించని ట్రే) ఉత్త షోకు.

పన్ను ఎముకలో సిమెంటు పోసి పాతినట్టు ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందంలో సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. పన్నుని ఒక వైపుకి మెల్లగా నెడుతూ ఉంటే, ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పుడుతుంది. అలా పన్ను నెలకి సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అంటే దారి ఇచ్చేది మన ఎముకే. ఆ మెల్లని ఒత్తిడిని తీగ ఇచ్చినా ట్రే ఇచ్చినా దానికి ఒకటే.

క్లిప్పుల్లో మేము మొదట వేసే తీగ మీరనుకునే ఇనుము కూడా కాదు. నికెల్, టైటానియం కలిపిన లోహం. అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో పుట్టిన ఈ లోహానికి తన ఆకారం గుర్తుంటుంది. వంకర పళ్ళకి కట్టినప్పుడు అదీ వంకర పోతుంది, నోటి వెచ్చదనానికి మళ్ళీ తన కమాను ఆకారంలోకి వస్తూ పళ్ళని కూడా వెంట తెచ్చుకుంటుంది. అలైనర్‌ది మరో పద్ధతి. ఒక్కో ట్రే పన్ను ఇప్పుడున్న చోటుకి కాకుండా పావు మిల్లీమీటరు అవతలికి తయారై ఉంటుంది. వారానికో రెండు వారాలకో ట్రే మారుస్తూ పోతాం. పట్టు కోసం పళ్ళ మీద పంటి రంగులో చిన్న చిన్న బొడిపెలు అతికిస్తాం. కాబట్టి "అస్సలు కనిపించదు" అనేది కూడా పూర్తి నిజం కాదు. దగ్గరగా చూస్తే కనిపిస్తాయి.

అపోహ: గట్టిగా బిగిస్తే తొందరగా అయిపోతుంది.

"పెళ్ళి ముహూర్తం పెట్టేశారు మేడమ్, కాస్త టైట్ చెయ్యండి" అని అడుగుతారు. చెయ్యను. ఒత్తిడి ఎక్కువైతే ఆ నారల పొరలో రక్తం ఆడదు, పన్ను వారాల తరబడి ఉన్నచోటే ఆగిపోతుంది. వేరు కొస కరిగే ప్రమాదమూ పెరుగుతుంది. మెల్లగా నెట్టడమే ఇక్కడ తొందర.

అపోహ: డబ్బు పెట్టగలిగితే అలైనరే మంచిది.

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతున్నారు. ముందు పళ్ళ మధ్య సందులు, కొద్దిపాటి ఎగుడుదిగుడు, చిన్నప్పుడు క్లిప్పులు వేయించుకున్నాక మళ్ళీ కాస్త జరిగిన పళ్ళు, ఇలాంటి వాటికి అలైనర్ చక్కగా పనిచేస్తుంది. కానీ ఎత్తులో ఉన్న పన్నుని కిందకి దించడం, గుండ్రంగా ఉండే కోరపన్ను అడ్డం తిరిగిపోతే దాన్ని తిప్పడం, పళ్ళు తీసిన పెద్ద ఖాళీలని వేళ్ళు నిటారుగా ఉండేలా మూయడం, ఇవి దానికి కష్టమైన పనులు. ప్లాస్టిక్ పన్నుని నెట్టగలదు, పట్టుకుని లాగడం దానికి అంత బాగా రాదు. ట్రే జారిపోతుంది.

ఆ చీపురుపల్లి అమ్మాయి సమస్య సరిగ్గా అదే. అద్దం చేతికిచ్చి, కోరపన్ను మొన నుంచి పక్క పళ్ళ వరస దాకా స్కేలు పెట్టి చూపించాను. నాలుగు మిల్లీమీటర్లు. "ఇంత కిందకి రావాలమ్మా" అన్నాను. చాలాసేపు చూసుకుంది. అలైనర్‌తో ప్రయత్నించవచ్చు గానీ మధ్యలో క్లిప్పులు వేయాల్సి రావచ్చని చెప్పాను. కోరపళ్ళు దిగేదాకా క్లిప్పులు, ఆ తర్వాత మిగతా సర్దుబాటుకి ట్రేలు అనే దారి కూడా ఉంది. ఆమె అదే ఎంచుకుంది.

దవడ ఎముకే బాగా ముందుకో వెనక్కో ఉంటే, ఎదుగుదల ఆగిపోయిన పెద్దవాళ్ళకి ఈ రెండింటిలో ఏదీ ఒంటరిగా చాలదు. ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాల్సిందే.

అపోహ: తీసి పెట్టుకోవచ్చు కాబట్టి అలైనర్ సులువు.

తీసి పెట్టుకోగలగడమే దాని గుణం, దాని దోషం కూడా. రోజుకి 22 గంటలు నోట్లో ఉండాలి. మిగిలేవి రెండు గంటలు. అందులో పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, పళ్ళు తోముకోవడం అన్నీ అవ్వాలి. ట్రేతో చల్లని మంచినీళ్ళు తప్ప ఏదీ తాగకూడదు. వేడి టీకి ప్లాస్టిక్ సాగుతుంది, పంచదార పంటికీ ట్రేకీ మధ్య చిక్కుకుని పన్ను పుచ్చుతుంది.

ఇప్పుడు మన రోజు ఎలా గడుస్తుందో చూడండి. బొబ్బిలిలో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి నాలుగో ట్రేకి వచ్చేసరికి, ముందు పన్ను అంచుకీ ట్రేకీ మధ్య గోరు మందం ఖాళీ కనబడింది. ట్రే కూర్చోవట్లేదు, అంటే పన్ను రావాల్సినంత రాలేదు. "రోజూ పెట్టుకుంటున్నా మేడమ్" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కూర్చుని లెక్క వేశాం. ఆఫీసులో టీ రోజుకి ఐదు సార్లు. ప్రతిసారీ ట్రే తీయడం, కబుర్లు, మళ్ళీ పెట్టుకోవడానికి అరగంట. దాని మీద సిరిమాను పండగ వారం, ఇంటినిండా చుట్టాలు, పళ్ళెం ఖాళీ అవ్వదు, ట్రేలు డబ్బాలోనే. మొత్తం మీద రోజుకి పదహారు గంటలు కూడా తేలలేదు. అతను టీలు రెండుకి తగ్గించాడు, మేము రెండు ట్రేలు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

అందుకే ట్రే అడిగినవాళ్ళని నేను మొదట అడిగేది డబ్బు గురించి కాదు. రోజుకి ఎన్ని టీలు, ఎన్నిసార్లు చిరుతిండి? పదమూడేళ్ళ పిల్లాడైతే బడిలో ట్రే ఎక్కడ పెడతాడు?

ఇంకో వైపు కూడా చెప్పాలి. క్లిప్పులకి నెలకోసారి రావాలి. సాలూరు నుంచో పార్వతీపురం నుంచో బస్సెక్కి రావడం, ఒక రోజు కూలి పోవడం చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లో చదివే పిల్లలకి మరీ ఇబ్బంది. ట్రేలైతే కొన్ని జతలు ఒకేసారి ఇచ్చి, రెండు నెలలకోసారి చూడవచ్చు. మనిషి క్రమశిక్షణ గలవాడై, సమస్య తేలికదైతే అలాంటివాళ్ళకి నేనే అలైనర్ చెబుతాను.

అపోహ: క్లిప్పులు పళ్ళని పాడుచేస్తాయి.

క్లిప్పులు తీసిన రోజు కొందరి పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ ఉంటుంది. మధ్యలో క్లిప్పు అతికిన చోట నలుచదరంగా పన్ను శుభ్రంగా ఉంటుంది, చుట్టూ తెలుపు. క్లిప్పు కింద పాడవ్వలేదు, చుట్టుపక్కల బ్రష్ తగలక పాచి నిలిచి, దాని ఆమ్లానికి పైపొరలోని ఖనిజాలు కరిగాయి. రెండేళ్ళు కష్టపడి వరస సరిచేసి ఆ మచ్చలు చూడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. తీగ కింద దూరే సన్నని బ్రష్ మందుల షాపులో దొరుకుతుంది. రాత్రి పూట ఐదు నిమిషాలు, ఫ్లోరైడ్ పేస్టు. ఇంతే కావలసింది.

అపోహ: నొప్పి భరించలేం.

మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది, వారంలో తగ్గుతుంది. రెండింటికీ అంతే. తీగ గుచ్చుకుంటే మేమిచ్చే మైనం అద్దుకోండి. ఆ రోజుల్లో చోడి అంబలి, పెరుగన్నం, ఇడ్లీ తినండి. క్లిప్పులున్నన్నాళ్ళూ తేగలు, చెరకు, జంతికలు పక్కన పెట్టాలి.

అపోహ: పెళ్ళయ్యాక, నలభై దాటాక కుదరదు.

చిగుళ్ళు, ఎముక ఆరోగ్యంగా ఉంటే వయసు అడ్డు కాదు. పిల్లలకి మాత్రం ఏడేళ్ళప్పుడు ఒకసారి చూపించండి, వెంటనే వైద్యం అక్కర్లేకపోయినా సరే.

అపోహ: ఇంటికే కిట్ తెప్పించుకుంటే సగం ధరకి అయిపోతుంది.

ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్ళు చూడకుండా పళ్ళు కదపకూడదు. లోపల ఎముక తరిగిపోయిన పన్నుని నెడితే అది వదులవుతుంది. అమెరికాలో ఇలా ఇంటికే ట్రేలు పంపిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే పెద్ద కంపెనీ 2023 డిసెంబర్‌లో మూతపడింది, వైద్యం సగంలో ఉన్నవాళ్ళు అలాగే మిగిలిపోయారు. బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ళ వరస సరిచేసే విభాగంలో, మూడేళ్ళు ఎండీఎస్ చేసినవారు మీ కేసు చూస్తున్నారా అని అడగండి, మొహమాటం వద్దు. ఖర్చు మాట్లాడేటప్పుడు, ట్రేలు సరిపోక మళ్ళీ చేయాల్సి వస్తే ఆ డబ్బు అందులోనే ఉందా, చివర్లో పళ్ళు మళ్ళీ జరగకుండా పెట్టుకునే రిటైనర్ కలిపారా అన్నది కాగితం మీద రాయించుకోండి.

అపోహ: క్లిప్పులు తీశాక పనైపోయింది.

పళ్ళు కొత్త చోటుకి వచ్చినా చిగుళ్ళలోని నారలు పాత చోటుకే లాగుతూ ఉంటాయి. అవి సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. క్లిప్పులైనా ట్రేలైనా, ఆ తర్వాత రిటైనర్ తప్పదు. మొదట రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, అదీ ఏళ్ళ తరబడి. పెళ్ళి భోజనాల్లో కాగితంలో చుట్టి పక్కన పెట్టి, విస్తరితో పాటు పారేసుకున్నామని ఎందరో వస్తుంటారు. ట్రే అయినా రిటైనర్ అయినా నోట్లో లేకపోతే డబ్బాలోనే ఉండాలి, డబ్బా జేబులోనో సంచిలోనో ఉండాలి. పోతే ఆ రోజే ఫోన్ చేయండి. "వచ్చే నెల ఎలాగూ వస్తాం కదా" అని ఆగకండి.