చింతపండు పెట్టి తోమకండి: ఊరి మ్యూజియం గురించి అపోహలు - వాస్తవాలు

చిన్న ఊళ్ళలో మ్యూజియం పెట్టుకునేవాళ్ళకు వస్తువులు నమోదు చేసిపెట్టడం, పాడవకుండా చూడటం నా పని. ఎక్కువగా తిరిగేది కృష్ణా జిల్లాలోనే. ఏ ఊరెళ్ళినా కాఫీ ఇచ్చి మరీ చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: "మా ఊళ్ళో ఏముందండీ! కోటా లేదు, రాజూ లేడు."

రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ళ మనుషులు తిరిగింది ఇలాంటి ఊళ్ళే. కరణాల దగ్గరున్న దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు చూసి, పెద్దల నోట విని కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు రాయించారు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరిది, గుడి ఎప్పుడు కట్టారు అన్నవే అందులో ఎక్కువ. ఊరి మ్యూజియం ఈరోజు అడగాల్సినవీ అవే. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. నేను చూసిన కొన్ని ఇళ్ళలో ఆనాటి కాగితాలు ఇంకా అటక మీద ట్రంకుపెట్టెల్లోనే ఉన్నాయి. చెదలు మాత్రం మనకంటే ముందే చదవడం మొదలుపెట్టాయి.

అపోహ: పాతదైతే చాలు, విలువైనదే.

ధాన్యం కొలిచే ఇత్తడి కుంచం ఒకటి తెచ్చి "ఎంత వస్తుంది?" అంటారు. పాత సామాన్ల కొట్టులో అయితే తూకం వేసి చెబుతారు. నేను అడిగేది వేరు: ఇది ఏ ఊరిది, ఎవరి గాదె దగ్గర ఉండేది, దీంతో ఏం కొలిచేవారు? మెట్రిక్ కొలతలు రాకముందు కుంచం అన్ని ఊళ్ళలో ఒకేలా ఉండేది కాదు. ఊరు తెలియని కుంచం ఉత్త గిన్నె. బందరు, పెడన కలంకారీ అద్దకపు చెక్క అచ్చులూ అంతే. అంచులరిగిందని పొయ్యిలో పెట్టేసేవాళ్ళున్నారు. ఆ పువ్వును ఏమని పిలిచేవారో, ఏ రంగుకు ఆ అచ్చు వాడేవారో రాసిపెడితే అరిగిన అచ్చే మ్యూజియానికి ముద్దు.

వస్తువు ఉన్నచోటు నుంచి కదిలిపోతే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. 1798లో మెకంజీ వచ్చేనాటికే స్తూపం రాళ్ళు ఊడిపోతున్నాయి. తర్వాత కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి, మిగిలినవాటిలో చాలా వరకు చెన్నైకీ లండన్‌కీ చేరాయి. ఏ పలక స్తూపానికి ఏ వైపు ఉండేదో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

అందుకే అద్దాల బీరువా కంటే ముందు నమోదు పుస్తకం కొనమంటాను. వరుస సంఖ్య, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎక్కడిది, వాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళ మాటల్లోనే. ఇచ్చినవాళ్ళ సంతకం కూడా. ఇది లేక, పదేళ్ళ తర్వాత మనవలొచ్చి "మా తాత ఊరికే చూడమని ఇచ్చాడు" అన్న గొడవ నేనే తీర్చాల్సి వచ్చింది.

అపోహ: బాగా తోమితే అక్షరాలు కనిపిస్తాయి.

నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. శాసనం చెక్కిన రాగి రేకును చింతపండుతో తోమితే ఆ పులుపు లోహాన్నే తింటుంది. తోమిన ప్రతిసారీ అక్షరం లోతు తగ్గుతుంది. రాగి మీద గట్టిగా అంటుకున్న గోధుమరంగు పొర మురికి కాదు, దానికి కాపు. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రం తెగులు. అవి కనిపిస్తే రేకును పొడిచోట విడిగా పెట్టి, తెలిసినవాళ్ళను పిలవాలి. మీరు చేయగలిగింది మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, అంతే.

తాళపత్రాలకు వంటనూనె రాయకండి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు వేయకండి, కొన్నాళ్ళకు టేపు ఊడిపోతుంది, జిగురు మరక ఉండిపోతుంది. లామినేషన్ అసలే వద్దు. శాసనం రాయికి సున్నం, ఎనామిల్ రంగు కూడా వద్దు.

అపోహ: ఫోన్లో ఫోటో తీశాంగా, ఇక అసలుది ఎందుకు?

ఫోటోలో కాగితం నీటిగుర్తు (వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే వాటర్‌మార్క్) కనిపించదు, కుంచంలో ఎన్ని గింజలు పడతాయో తెలియదు. ఫోటో తీయండి, అసలుదీ ఉంచండి.

అపోహ: పొలం దున్నుతుంటే దొరికింది మనదే, మ్యూజియంలో పెట్టేసుకోవచ్చు.

కుదరదు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం. ఆ పది రూపాయలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి! ఇక 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పం, నాణెం, 75 ఏళ్ళు దాటిన రాతప్రతి పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. ముందు తహసీల్దారు ఆఫీసుకు కబురు పెట్టండి.

అపోహ: ముసలివాళ్ళ కబుర్లు చరిత్ర ఎలా అవుతాయి?

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారని లెక్కలున్నాయి. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పడానికి ఇప్పుడెవరూ లేరు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అలా కాదు, చూసినవాళ్ళు ఉన్నారు. అప్పటి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు డెబ్బై దగ్గర పడింది.

"ఉప్పెన గురించి చెప్పండి తాతా" అంటే పేపర్లో వచ్చిందే చెబుతారు. "మీ ఇంటి గుమ్మం ఎటు వైపు ఉండేది? గొడ్లను ఎక్కడ కట్టేవారు?" అని మొదలుపెట్టండి. మిగతాది ఆయనే చెప్పుకొస్తారు. రికార్డు నొక్కగానే ముందుగా తేదీ, ఊరు, పేరు పైకి చదవండి. ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలన్న సందేహమొస్తే, వయసులో పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టండి.